అడ్జస్ట్ అన్న మాటా, మొదటి ముద్దా

నాకు సంతకం పెట్టడమే వచ్చు. నేను చెబుతుంటే ఈ ఫోనే రాసుకుంటోంది.

అడ్జస్ట్ అనే ఇంగ్లీషు మాట నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. బస్సులో ముగ్గురి సీట్లో నాలుగోవాళ్ళు అంటే జరగమని. టైలరు అంటే జాకెట్టు వదులు చేస్తానని. కూరలో ఉప్పెక్కువైతే మా అత్తగారు అనేది, నోరు మూసుకుని తినమని. మా ఆయన పోయాక అందరూ అన్నారు. అప్పుడు దానికి అర్థం, వెనక నిలబడమని.

జర్మనీలో, ఈ లైప్‌జిగ్‌లో ఈ మాట ఉండదనుకున్నాను. ఇక్కడ టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న టైము, లేకపోతే జుట్టు కత్తిరించేవాడు కూడా కత్తెర ముట్టడు. కానీ మా అబ్బాయి ఇంట్లో ఉంది.

కోడలి పురిటికని వచ్చి, కరోనాకి విమానాలు ఆగిపోయి ఇక్కడే ఉండిపోయాను. ఆరు నెలలు పాపకి స్నానాలు నేనే పోశాను. అన్నప్రాసనకి మేనమామ రాలేడు. "మొదటి ముద్ద నువ్వే పెట్టాలమ్మా," అన్నాడు అబ్బాయి. ఆ మాటతో నాలుగు రాత్రులు సంతోషంగా పడుకున్నాను.

అన్నప్రాసన నాటి పొద్దున లాప్‌టాప్‌లో కోడలి తల్లి ప్రత్యక్షమైంది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. శుభకార్యం కదా! కాస్త అడ్జస్టయి లోపలి గదిలో ఉండండి. ముద్ద మా అమ్మాయే పెడుతుంది."

అబ్బాయి నేల చూశాడు. "ఒక్క గంటే కదమ్మా."

స్నానానికీ, పాలసీసాలు కడగడానికీ అడ్డురాని నా బోసి నుదురు పరమాన్నం దగ్గరే అడ్డొచ్చింది.

"సరేలే," అన్నాను. "పాపకి గౌను మార్చి తెస్తాను."

పంతులుగారి లైను కలవక వాళ్ళు హలో హలో అంటున్నారు. పరమాన్నం వండింది నేనే. వేలితో మెత్తగా మెదిపి, మా ఆయన పేరు చెప్పి, పాప నోట్లో పెట్టాను. లొట్టలేసింది. ఇంకాస్త పెట్టాను. తరవాత తీసుకెళ్ళి వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి లోపలికొచ్చి తలుపేసుకున్నాను. అవతల మంత్రాలు, చప్పట్లు.

"చూశారా, మొదటి ముద్దకి మొహం ఎలా వెలిగిపోయిందో!" అని ఆవిడ గొంతు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

ఆ వీడియో ఆవిడ ఇప్పటికీ చుట్టాలందరికీ చూపిస్తుంది. ఈ ఫోను రాసిందంతా వాళ్ళ వాట్సాప్ గ్రూపులోనే పెట్టిస్తున్నాను. మళ్ళీ ఒకసారి చూడండి వదినగారూ. ముద్ద ఇంకా నోటికి అందక ముందే, పాప కింది పెదవి పక్కన బెల్లం మరక ఉంటుంది. తుడవడం మరిచిపోలేదు. కావాలనే ఉంచాను.