కోసేసిన చివరి వాక్యం

ఆ రోజుల్లో నేను రాసింది పొల్లు పోకుండా పాటించే మనిషి దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు. దొరికింది. బుచ్చయ్యపేట నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన ఆ అమ్మాయి నేను రాసిన కాగితం చూస్తూ, ఆగిపోయిన కంప్యూటర్ తెర ముందు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చేతులు కట్టుకుని కూర్చుంది. నా కోసమే కూర్చుందని నేననుకున్నాను.

అప్పటికి దినపత్రిక డెస్కు వదిలి, అనకాపల్లిలో ఒక బెల్లం కొట్టు మేడ మీదున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. (కీబోర్డుల్లో చీమలు కాపురం ఉండేవి.) నడిపేది మా మేనత్త కొడుకు. కొత్తవాళ్ల కోసం పని పద్ధతులు తెలుగులో రాయడం నా ఉద్యోగం. ఆ వారం రాయాల్సింది ఇదీ: వెర్షన్ కంట్రోల్‌లో, అంటే ప్రోగ్రాంలో చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టే పద్దులో, పాత మార్పుల్ని ఒక్కొక్కటిగా వరసగా మళ్లీ వేసేటప్పుడు, ప్రతి మార్పు తర్వాతా రెండు కమాండ్లు ఎలా నడపాలి. ఒకటి ప్రోగ్రాంని తయారుచేసేది, రెండోది పరీక్షించేది. ఏది తప్పినా పని అక్కడే ఆగుతుంది. తప్పు సరిచేసి ‘కంటిన్యూ’ కమాండ్ ఇస్తే మళ్లీ కదులుతుంది.

ఆ ఆఖరి ముక్కా రాశాను. కానీ గోడకి అంటించే కాగితంలో ఒక్క వాక్యం పట్టలేదు. వార్త పట్టకపోతే డెస్కులో ఏం చేస్తాం? కింద నుంచి కోస్తాం. కోసేశాను. దాంతో నా రచన ‘ఆగితే తప్పు సరిచేయండి, కంగారు పడకండి’ అన్నచోట ముగిసింది.

ఆమె తప్పు సరిచేసింది, కంగారు పడలేదు. నేను టీ తెప్పించాను, డెస్కు కబుర్లు చెప్పాను. నవ్వుతూ వింది. ఊరి బస్సు వేళ దగ్గరపడుతున్నా లేవలేదు. ఆఖరికి ధైర్యం చేసి, ఇంకా ఎందుకున్నారని అడిగాను, కోరుకున్న జవాబు వస్తుందేమోనని.

“కంగారు పడొద్దని రాశారు కదండీ. తరవాతేటి చెయ్యాలో రాయలేదు.”

వెనక నుంచి బావ తెర చూసి, కాగితం చూసి, నన్ను చూశాడు. “పని నేర్పమంటే పిల్లని కూకోబెట్టేసేవేటి బావా?”

కాగితం అంచున ఆ వాక్యం పెన్నుతో ఎక్కించి, ఆమెను బస్సు దాకా దిగబెట్టాను. ఆ నడక తర్వాత చాలా సాయంత్రాలు సాగింది, పెళ్లిదాకా. (పురోహితుడు మంత్రం మధ్యలో ఆగితే ‘కంటిన్యూ’ అని కేకేసింది బావే.)

ఆగిపోయిన తెర ముందు టీ తెప్పించిన ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తాడు. అయితే మొన్న మాటల్లో, కాలేజీ ప్రాజెక్టులోనే ఈ ‘కంటిన్యూ’ కమాండ్ వాడానని మా ఆవిడ నోరు జారింది. మరి ఆ రోజు తెలిసే కూర్చున్నావా అని అడిగాను.

“కంగారు పడకండి” అని, పాలు పొంగుతున్నాయేమో చూడ్డానికి లోపలికెళ్లింది.