కాడి వదిలింది అతను కాదు

బండలాగుడు పోటీ ఉందంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. డప్పు మొదలైతే కూర్చోలేను. మా ఆలంపూర్ వైపు జాతరల్లో జోడెడ్లు పెద్ద రాతిబండను లాగుతుంటే, పక్కన నిలబడ్డ నా భుజాలు కూడా ముందుకు వంగుతాయి. ఇంత ఇష్టమైన చోటే నేనొక అబద్ధమాడాను. దాన్ని సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు. నాకు నలభై దగ్గర పడుతున్నాయి. జోడు నాది, పగ్గాలు నా చేతిలో. కాడి పట్టుకుని ఎడ్ల పక్కన పరుగెత్తేది నా భార్య తమ్ముడు. ఇరవై నిమిషాల్లో ఎవరి ఎడ్లు బండను ఎక్కువ దూరం లాగితే వాళ్లదే గెలుపు. ముగ్గుగీత దాకా వెళ్లి, మలుపు తిరిగి, మళ్లీ వెనక్కి రావాలి. మలుపులో నేను పగ్గం బిగించి ఎడ్లను నెమ్మది చేస్తే, బామ్మర్ది కాడిని తిప్పుతాడు.

ఆ రోజు ఏం లాగాయి అవి! దుమ్ము మింగుతూ అరుస్తున్నాను.

"బావా, ఇంకొక్క మలుపే! మనదే!" అని బామ్మర్ది కేక.

జనం ఈలలు. ఆ ఊపులో నేను పగ్గం వదిలేసి, మెడమీది తువాలు తీసి గిరగిరా తిప్పాను. అంతలోనే గీత వచ్చింది. కుడి ఎద్దు తిరగకుండా నేరుగా పోయింది. కాడి మెలిపడి, ఎడమ ఎద్దు మోకాళ్ల మీద కూలింది. దాన్ని లేపేసరికి సమయం అయిపోయింది.

"ఏమైందే?" అని జనం మీద పడ్డారు.

"ఏమైతది? మా బామ్మర్ది కాడి ఇడిచిండు!" అన్నాను.

దుమ్ములో పగ్గం వదిలిన నా చెయ్యి ఎవరికీ కనిపించలేదు. చూసింది అతనొక్కడే. నా ముఖంలోకి ఒకసారి చూసి, వంగి ఎద్దు మోకాళ్లకు పసుపు అద్దాడు. అతని అరచేతుల తోలు ఊడి ఉంది.

ఇంటికొచ్చాక, "నా తమ్ముడు ఇడిసెటోడు కాదు" అంది నా భార్య. "నువ్వు చూసినవా?" అని గదిమాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చుట్టుపక్కల ఊళ్లలో అతనికి కాడి ఇడిచినోడని పేరు పడింది. ఎవరూ తమ జోడు పక్కన పరుగెత్తనివ్వలేదు. ఎడ్లంటే ప్రాణమిచ్చే మనిషి, అన్నేళ్లూ బరి చుట్టూ కట్టిన తాడు బయట నిలబడి చూశాడు. నాకేమో ఆ అబద్ధమే గౌరవం తెచ్చింది. "సొంత బామ్మర్ది తప్పే దాయలే, గీనె ఎవ్వల పక్షం చూడడు" అని పంచాయితీలకు పిలవసాగారు. పెద్దమనిషినైపోయాను. తప్పు ఒప్పుకొమ్మని ఎంతమందికి చెప్పానో!

మొన్న జాతరలో పోటీ నడిపించమని నా మెడలో ఈల వేశారు. బామ్మర్ది జోడు కూడా ఉందన్నా వినలేదు. "గందుకే నువ్వుండాలె" అన్నారు.

మూడో జోడు అతనిది. సొంతంగా పెంచిన కోడెలు, నిగనిగలాడుతున్నాయి! పగ్గాలు పక్కూరి మనిషికిచ్చి, తాను మళ్లీ కాడి దగ్గరే నిలబడ్డాడు. నా ఒళ్లు పులకరించింది.

తాడు అవతల నుంచి ఒకడు, "ఓ కాడి ఇడిచినోడా, చేతులకు తుమ్మబంక పూసుకొచ్చినవా?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు.

ఈల నోట్లో పెట్టుకున్నాను. ఊదలేకపోయాను. గబగబా వెళ్లి మైకు లాక్కున్నాను.

"గా దినం మా బామ్మర్ది కాడి ఇడవలే. పగ్గం ఇడిచింది నేను. తువాలు ఊపుకుంట ఇడిచిన. చేతుల తోలు ఊడినా గాయన పట్టుకునే ఉన్నడు. నేను అబద్ధమాడిన."

డప్పు ఆగింది. ఎవరో ముసలాయన, "మరి నువ్వేం పెద్దమనిషివిరా?" అన్నాడు.

"ఇయ్యాల్టిదాంక కాదు తాతా" అన్నాను మైకులోనే. ఆడవాళ్ల వైపు నా భార్య కొంగు నడుముకు దోపుకుని లేచి నిలబడింది.

బామ్మర్ది నా వైపు చూశాడు. కాడి మీది చెయ్యి తియ్యలేదు.

"బావా, ఎడ్లు ఆగుతలేవు. ముచ్చట తర్వాత. ముందుగాల ఈల ఊదు!"

చెవులు గింగురుమనేలా ఊదాను. బండ కదిలింది. మొదటి మలుపు దగ్గర గడియారం చూడటం మరిచిపోయి, అతని చేతులే చూస్తూ నిలబడ్డాను.