టంబ్లరు మోతకు తల తిప్పనిది

ఇది రాయకూడదనే అనుకున్నాను. తొండియార్‌పేటలో కుక్కలు పెంచుకుంటూ బతికిన ముసలాయన పోతే చదివేదెవరు? కానీ పోయిన నెల మా పక్కింటి అన్న కన్ను మూసినప్పటి నుంచీ ఆయన కుక్క మా ఇంట్లో ఉంది. అది చేసే పని ఒకటి ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

అన్న పెంచింది రాజపాళయం కుక్కల్ని. సున్నం కొట్టినంత తెలుపు. ఆ తెలుపుతోపాటే కొన్నిటికి పుట్టు చెవుడు వస్తుంది. నెల దాటిన పిల్లల్ని ఒక్కొక్కటిగా గోడకేసి కూర్చోబెట్టి, వెనక నిలబడి ఎవర్‌సిల్వర్ స్టీలు టంబ్లరు మీద చెంచాతో కొట్టేవాడు. తల తిప్పనిదాన్ని అమ్మడు, జత కట్టించడు. దాని తల్లినీ తండ్రినీ మళ్లీ కలపడు. నాకు కాఫీ కూడా ఆ టంబ్లర్లోనే. సొట్టలు పడీ పడీ అందులో అర కాఫీ కూడా పట్టేది కాదు. ఇంట్లో వేరే టంబ్లర్లు లేవా అంటే, ఉండేవి.

"ఏందన్నా, చెవుడైతే మాత్రం కుక్క కాకుండా పోతాదా?" అని ఒకసారి అడిగాను.

"మొదట్లో తెలీక ఒకదాన్ని అమ్మినా. పిలిస్తే రాలేదని, పొగరనుకోని కొట్టినారంట. కడాసికి లారీ కింద పోయింది. హారన్ కొట్టినా అంటాడు డ్రైవరు. దానికేం ఇనపడతాది?" అని చెంచా తుడుచుకున్నాడు.

మా ఇంట్లో ఉన్నది ఆయన కుక్కల్లో ఆఖరిది, చెవిటిది. ఆస్పత్రికి పోతూ గొలుసు నా చేతికిచ్చి, "దీనికి పిల్లలొద్దు. ఆపరేషన్ చేయించు నైనా" అన్నాడు. సరేనన్నాను. అన్న ఇంట్లో టంబ్లరు, చెంచా కడిగి, టంబ్లరు బోర్లించి రెండూ అలమరలో పెట్టి, ఆ ఇంటికి తాళం వేశాను. ఆపరేషన్ మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. అంత అందగత్తెకు కత్తి పెట్టించడానికి మనసొప్పలేదు.

రోజూ నాలుగింటికి, అన్న కాఫీ వేళకు, అది లేచి ఆ ఇంటి గోడ వైపు తల తిప్పుతుంది. తోక ఊపుతుంది.

షోళింగనల్లూరు నుంచి మగకుక్క ఉన్న ఒక కుర్ర ఇంజినీరు వచ్చాడు. దాచడమెందుకు, రమ్మన్నది నేనే.

"ఒక్క ఈత చాలండి అంకుల్. ఇంత మంచి జాతి ఆగిపోకూడదండి."

"చెవిటిది నాయనా."

అప్పుడే నాలుగైంది. అది తల తిప్పింది.

"వినపడుతోందిగా! భలేవారే మీరు," అని నవ్వాడు.

నేను మా వంటింటి టంబ్లరు తెచ్చి దాని వెనక మూడుసార్లు కొట్టాను. ఇటు తిరగలేదు. గోడనే చూస్తూ తోక ఊపుతోంది. కుర్రాడు కాఫీ సగంలో వదిలేసి, "వస్తానండి" అని వెళ్లిపోయాడు.

మర్నాడు మైలాపూరులో డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్లి ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చాను. నాలుగింటికి అది మత్తులోనే ఉంది, లేవలేదు. దాన్ని చాప మీద వదిలి, తాళం తీసి అన్న ఇంట్లోకి వెళ్లాను. టంబ్లరు బోర్లించినట్టే ఉంది. చెంచా మా ఇంటి వైపు గోడ దగ్గర నేల మీద ఉంది. తీసి అలమరలో పెట్టి, తాళం వేసుకొని వచ్చేశాను.