ఇంకొక్కసారిగారు

విమానం ఇంజన్లను మంచులో పరీక్షించే ఆ కేంద్రంలో పెద్ద ఇంజనీరుగారికి ఏ పనైనా ఒక్కసారి జరిగితే జరిగినట్టు కాదు. "మొదటిసారే బాగా వచ్చిందంటే అది గాలివాటమయ్యా. ఇంకొక్కసారి చూద్దాం!" అనేవారు. చివరికి ఆ మాటే ఆయనకు పేరై కూర్చుంది: ఇంకొక్కసారిగారు.

ఇంట్లోనూ అదే వరస. కాఫీ అమోఘం అంటూనే కప్పు మళ్ళీ చాపేవారు. "రెండోదీ ఇలాగే కుదిరితే అప్పుడు నమ్ముతాను."

"పెళ్ళి విషయంలో మాత్రం ఆ మాట అన్నారంటే ఊరుకోను" అనేది ఆయన భార్య.

ఆ ఏడాది కొత్తగా చేరిన అమ్మాయికి నీళ్ళు చిమ్మే మీట అప్పగించారు. ఇంజను ముందు గాలిని గడ్డకట్టే చలికి దించి, అప్పుడు నీళ్ళు తుంపర్లుగా వదలాలి. అవి ఇంజను లోపలి పంకా రెక్కలమీద మంచై పేరుకోవాలి. ఆ మంచు పెళ్ళలు విరిగి లోపల పడ్డా ఇంజను ఆగకూడదు. ఆకాశంలో ఆగిపోతే దిగి తోసేవాళ్ళుండరు కదా!

తనిఖీ అధికారులు వచ్చిన రోజున ఆమె కంగారుపడింది. చలి ముదరకముందే మీట నొక్కేసింది. నీళ్ళు నీళ్ళుగానే జారిపోయాయి. ఇంజను హాయిగా తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఉష్ణోగ్రత చూసుకున్న ఆమెకు మాత్రం తన పొరపాటు తెలిసిపోయింది.

"సార్, నేను..." అంటూ లేచింది.

"ఇంకొక్కసారి!" అన్నారాయన, అంతకంటే గట్టిగా. "మంచు సరిగ్గా పట్టలేదు. ఇది లెక్కలోకి రాదు."

"మొదలెట్టారండీ మహానుభావులు!" కేంద్రం డైరెక్టరు తల పట్టుకున్నాడు. "భోజనాల వేళ దాటిపోతోంది. మీ చాదస్తంతో మా ప్రాణాలు తీస్తున్నారు!"

"ముందు ఇంజను తినాలి. మనం తర్వాత."

ఈసారి రెక్కలు తెల్లబడ్డాయి. ఓ పెద్ద పెళ్ళ విరిగి లోపల పడింది. ఇంజను ఖళ్ళున దగ్గినట్టు ఊగింది. మరుక్షణం అది మంచునంతా దులిపేసుకుని, ఏమీ ఎరగనట్టు గుమ్మని రాగం అందుకుంది.

ఆయన్ని తిట్టుకుంటూనే అందరూ భోజనాలకు పోయారు. ఆమె ఆయన్ని నడవలో ఆపింది.

"సార్, మొదటిసారి తప్పు నాదే."

"తెలుసమ్మా. నీళ్ళు కాస్త తొందరపడ్డాయి."

"మరి నా పేరు చెప్పలేదేం? తిట్లన్నీ మీరే తిన్నారు!"

"నాకవి ఇట్టే అరిగిపోతాయి. నీకింకా అలవాటు లేదు. అయినా చెబుదామని లేచావు చూడు! నీ వయసులో నేనైతే కుర్చీలోనే గడ్డకట్టేవాణ్ణి."

వస్తున్న ఏడుపు కాస్తా ఆమెకు నవ్వయింది. "అలా కుదరదు. పదండి సార్, డైరెక్టరుగారి దగ్గర నా వాటా తిట్లు నేను తింటాను" అంటూ ముందు నడిచింది.

అన్నం చల్లారిపోతోందని గొణుక్కుంటూ, మీసాల చాటున నవ్వుకుంటూ, ఆయనా ఆమె వెనకే కదిలారు.