నాలుగు వేళ్ళ దూరం

ఉదయం ఆరున్నరకి సైన్యం పడవ మా ఇద్దర్నీ కొల్లేటికోట బడి మెట్ల మీద దింపి ఏలూరు వెళ్ళిపోయింది. వరద. సన్నటి వాన. నాలుగు మెట్లు మునిగాయి. మా దగ్గర ఒక రేడియో సెట్, రెండు బ్యాటరీలు, పనిముట్ల డబ్బా. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తున్న రోజులు, ఉన్నవీ మూగబోయాయి. నాతో వచ్చినవాడు ఆపరేటర్. నేను మెకానిక్‌ని. మాది తాడేపల్లిగూడెం కదా, ఇక్కడి మనుషులతో మాట్లాడగలనని నన్ను వేశారు.

ఏడుంపావుకి ఒక చేపల చెరువు కూలీని మోసుకొచ్చారు. కట్లపాము కరిచింది. మందు లేదు. ఊరి దోనెలన్నీ కొట్టుకుపోయాయి. రేడియోలో పడవని పిలవాలి, వేరే దారి లేదు.

ఆపరేటర్ మీట నొక్కాడు. సెట్ ఆరిపోయి మళ్ళీ వెలిగింది. ఇంకోసారి నొక్కినా అంతే.

"మాట్లాడబోతే చచ్చిపోతోంది," అన్నాడు.

ఎందుకో నాకు వెంటనే తెలిసింది. ఛీ, తెలియకేం, ఆ సెట్ లోపలి సర్క్యూట్ బోర్డుని మా వర్క్‌షాప్‌లో గీసింది నేనే. అందులో కొత్తగా పెట్టిన చిప్ మహా వేగం గలది. ఒక్కసారిగా గుక్కెడు కరెంటు లాగుతుంది. ఆ గుక్కెడూ దాచి ఇచ్చే చిన్న కెపాసిటర్ చిప్ కాళ్ళకి ఆనుకునే ఉండాలి. దూరమైతే కరెంటు అందేలోపే చిప్ సొమ్మసిల్లుతుంది. నేను ఆనించే పెట్టాను, కాస్త వంకరగా. తనిఖీ ముందు వర్క్‌షాప్ అధికారి చూసి, వికారంగా ఉంది, అన్నీ అంచున వరసలో ఉండాలన్నాడు. చెప్పి చూశాను. కసిరాడు. నోరు మూసుకుని మార్చి గీశాను. తనిఖీకి వచ్చినవాళ్ళు మూత తీసి వరస చూసి మెచ్చుకున్నారే గాని, పూర్తి బలంతో ఒక్కడూ మాట్లాడి చూడలేదు. నేనూ చూడలేదు. 

ఊళ్ళో కరెంటు లేదు. సాల్డరింగ్ కడ్డీ కాల్చడానికి మంట కావాలి. పాము కరిచినవాడి భార్యే కిరసనాయిలు స్టవ్ తెచ్చి పంపు కొట్టింది. మూడుసార్లు కడ్డీ చల్లారింది. ఎనిమిదీ నలభైకి ఆ కెపాసిటర్‌నే ఊడదీసి చిప్ కాళ్ళకి అతికించాను. జరిపింది నాలుగు వేళ్ళ దూరం.

మొదటి నొక్కుకే ఏలూరు పలికింది. పడవ తొమ్మిదీ యాభైకి వచ్చింది. అతను తొమ్మిదింపావుకే పోయాడు.

పదిరోజులకి వర్క్‌షాప్‌కి తిరిగొచ్చాను. అధికారి నా అతుకు చూసి మొహం చిట్లించి, మళ్ళీ వరసలో పెట్టమన్నాడు. పెట్టనన్నాను. ఆ ఒక్క మాట మొదట్లోనే అనడానికి నాకు నోరు రాలేదు, సిగ్గులేని బతుకు.

సైన్యం వదిలి ఏళ్ళయింది. ఆవిడ మాత్రం కళ్ళముందు నుంచి పోదు. భర్త మీద దుప్పటి కప్పాక, చేతులు చీరకి తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"ఏవండీ, మీ పనయిందాండీ? స్టవ్ ఆపేయమంటారా?"