పచ్చి కోళ్లపెంటకు మాడిన మా జామచెట్టు

మా ఊరు బగ్దల్‌లో మా నానమ్మ పెంచిన జామచెట్టు మొదలు దగ్గర పక్క వెంచర్ వాళ్లు పచ్చి కోళ్లపెంట కుమ్మరించి వేర్లు కాల్చారు. హైదరాబాద్ నుంచి ప్లాట్లు చూడడానికి వచ్చేవాళ్లకు గోడ పక్కన మా తోట పచ్చగా కనబడాలట! మమ్మల్ని అడగనైనా లేదు.

నిన్న డ్యూటీ దిగి వచ్చేసరికి ఆకులు మాడి రాలుతున్నాయి. ఆ ఘాటుకు నానమ్మ గుర్తొచ్చింది. మన ఈడువాళ్లకు యాదికుందా, మేకల దొడ్డి ఊడ్చిన పెంటను గుంతలో వేసి, వానాకాలమంతా మాగబెట్టేవాళ్లు? చెట్టుకు వేసే ముందు నానమ్మ నా చెయ్యి పట్టుకొని ఆ కుప్పలో మోచేతి దాకా దూర్చేది.

"ఎట్లున్నది బిడ్డా?"

"కాలుతాంది నానమ్మా!"

"నీకు కాలితే చెట్టుకు కాలదా? సల్లబడ్డంక ఏద్దాం."

ఈ సంగతి చెబితే వెంచర్ సూపర్‌వైజర్ నవ్వాడు. "పైస తీసుకోకుంట ముఫత్‌ల ఎరువు ఏసినం, ఇంకా లొల్లి వెడుతున్నవా తమ్మీ?"

వెంచర్ వాళ్లూ, మీ ముఫత్ నాకొద్దు. కొమ్మల్లో ఇంకా పచ్చి ఉంది, చెట్టు బతుకుతుంది. ఆ పెంటంతా మీరే ఎత్తి, వేర్లు చల్లబడేదాకా నీళ్లు పట్టాలి. ఎత్తుతారా లేదా, రేపు పొద్దున పది గంటలకల్లా జవాబు చెప్పండి. లేకుంటే ఆదివారం వచ్చే మీ కస్టమర్లనే ఆ కుప్పలో చెయ్యి పెట్టి చూడమంటాను.