శెనక్కాయల వెంట్రుకలు

చదువుకున్నవాడి జోలికి కరువు రాదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఎనభైల చివర్లో కళ్యాణదుర్గం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో టెంపరరీ డెమాన్‌స్ట్రేటరుగా ఉండేవాణ్ణి. సైన్సు ఎగ్జిబిషనుకి అనంతపురం నుంచి వచ్చే పెద్దసారు ఎవరి మోడలు మెచ్చుకుంటే వాళ్ళకే పర్మనెంటు పోస్టు అన్నాడు కరస్పాండెంటు. పోటీలో ఇద్దరమే: నేను, ఆయన బామ్మర్ది. (ఇంతవరకు చదివేసరికే మీకు అంతా అర్థమైపోయి ఉంటుంది. అప్పుడు నాకే కాలేదు.)

బ్యాక్టీరియా ఒంటిమీది సన్నటి వెంట్రుకలు ఎలా పుడతాయో చూపించాలనుకున్నాను. ఒకే రకం ప్రోటీను ముక్కలు ఒకదానికొకటి తగులుకుని వరసగా పేరుకుంటాయి. కొత్త ముక్క ఎప్పుడూ అడుగునే చేరి పాతవాటిని పైకి తోస్తుంది, కాబట్టి కొసన ఉండేదే అన్నిటికన్నా పాతది. ఆ వెంట్రుకలతోనే బ్యాక్టీరియా మన పేగుల్ని పట్టుకుని వేలాడుతుంది. సరే, ఒక కుండను అడ్డంగా పడుకోబెట్టి, చిల్లులు పొడిచి, వాటిలో తీగలు నిలబెట్టాను. ప్రోటీను ముక్కలకు బదులు, వాన రాక విత్తకుండా మిగిలిపోయిన మా నాయన శెనక్కాయలు. కుండ మూతిలో చెయ్యి పెట్టి అడుగున ఒక కాయ గుచ్చి తోస్తే పైవన్నీ కదిలి వెంట్రుక పొడుగయ్యేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నమైనా పెద్దసారు జీపు రాలేదు. కాలేజీ ముందు కరువు పనిలో కంకర కొడుతున్న అవ్వ ఒకామె నీళ్ళకోసం లోపలికొచ్చి, కాసేపు నిలబడి చూసి, కొసనున్న కాయ పీక్కుని ఒలుచుకుంది. అది సూక్ష్మజీవి వెంట్రుక, తినేది కాదన్నాను.

“ఈ కరువులో శెనక్కాయల్తో వెంట్రుకలు చేసేటోడు నువ్వొక్కడే ఉంటావప్పా,” అనింది. “అయినా పైది కదా తీసుకొంటి. కింద నువ్వు పెడతానే ఉండావు కదా.”

నా పాఠం అర్థమైన మొదటి మనిషిని మెచ్చుకోవాలో తిట్టాలో తెలియలేదు. ఆమె వెనకే పనివాళ్ళంతా నీళ్ళకొచ్చారు. నేను కింద ఎక్కిస్తున్నాను, వాళ్ళు పైన కోస్తున్నారు. కసురుదామనుకుని, వాళ్ళ మొహాలు చూసి సిగ్గేసి ఇంకో కాయ గుచ్చాను. కాయలన్నీ అయిపోయాక జీపు వచ్చింది.

పెద్దసారు బోడి తీగల్ని చూసి వెంట్రుకలేవని అడిగాడు. తిన్నారన్నాను. అవి లేకపోతే బ్యాక్టీరియా గతేమిటని నవ్వుతూ అడిగాడు.

“పట్టు దొరకదు సార్. కొట్టుకుపోతుంది.”

కరస్పాండెంటు ఆయన్ని మెల్లగా బామ్మర్ది చేసిన అగ్నిపర్వతం వైపు నడిపించాడు. వారం తిరక్కుండా నేను కొట్టుకుపోయాను. కాయలు మిగిలినా పోయేవాణ్ణే. ఆ సంగతి ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పెట్టె పట్టుకుని బస్సుకోసం నిలబడితే అవ్వ అక్కడే కంకర కొడుతోంది. యాడికి పోతాండావని అడిగింది. పని పోయిందన్నాను. సుత్తి పక్కన పెట్టి, కొంగు ముడి విప్పి, ఒక కాయ నా చేతిలో పెట్టింది.

“నీ వెంట్రుకే. మనమరాలికని దాచినా. తిను నాయనా.”

కొసనున్న పాత కాయేమో, గింజ చేదెక్కింది. ఆమె చూస్తోందని మొహం చిట్లించకుండా నమిలి మింగాను. ఇప్పటికీ ఎవరు శెనక్కాయలు పెట్టినా ముందు ఆ చేదే నాలుక మీదికొస్తుంది. ఆ తర్వాత, కుండలో చెయ్యి పెట్టుకుని జీపుకోసం ఎదురుచూసిన ఆ పిచ్చివాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది.